తలుపు వెనక ఆట, నలుగురి ముందు ఆట

మొన్న ఆదివారం పరిగి నుంచి మా వదినె వచ్చింది. వరసకు వదినె, దూరపు చుట్టం. చెప్పులు విడిచి హాల్లో అడుగు పెట్టేసరికి మా అత్తమ్మ మంచం మీద కూర్చుని టీవీ వైపు చెయ్యి చూపిస్తూ, "ఉల్లిగడ్డ మాడుతున్నది రా, తియ్యి తియ్యి, మంట లేస్తది!" అని అరుస్తోంది. వదినె నవ్వి "ఏం చిన్నమ్మా, వంటల ప్రోగ్రామా?" అని అడిగింది. "వంట కాదు బిడ్డా, ఆట. ఈళ్లకు చాతనైతలేదు" అంది అత్తమ్మ, కళ్లు టీవీ మీద నుంచి తియ్యకుండానే.

చాయ్ పెడుతుంటే వదినె వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అంది: "ఫోన్లతోనే సస్తున్నం, మీరు టీవీల గూడ గేములు పెట్టుకున్నరా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే గిట్ల చేస్తే ఎట్ల?"

అప్పుడు నేనేమీ అనలేదు. ఇంటికొచ్చిన మనిషితో వాదం పెట్టుకోకూడదు గదా. కానీ ఆ మాట నాలుగు రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. ఆమె అడిగింది తప్పేమీ కాదు. ఏడాదిన్నర కిందట ఎవరైనా ఇలా చేశారంటే నేనూ అదే అనేదాన్ని. అందుకే ఆమెకు చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మాది బొంరాస్‌పేట. పాత ఇల్లు. రాతి గోడలు, కింద తాండూరు బండలు. మధ్యలో హాలు, వెనక రెండు అర్రలు. 2020లో లాక్‌డౌన్ వచ్చి క్లాసులన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు పెద్దోడికి ఒక కంప్యూటర్ కొన్నాం. అది వెనక అర్రలో పెట్టాం, సప్పుడు లేకుండా చదువుకుంటాడని. తర్వాత ఒక ఎండాకాలం వాడు ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసి, ఆ డబ్బుతో పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనుక్కున్నాడు. అక్కడి నుంచి ఆ అర్ర చదువుకునే అర్ర కాకుండా పోయింది.

2024 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. వాడు లెక్కల్లో తప్పాడు. పర్వాలేదు, సప్లిమెంటరీ ఉందిగా అన్నాం. అందులోనూ తప్పాడు. ఇక అర్ర తలుపు మూతబడింది. తిండికి పిలిస్తే "తర్వాత తింటా", మాట్లాడిస్తే "ఏం లేదు". రాత్రి ఒంటిగంటకు తలుపు సందులోంచి నీలి వెలుగు కనిపించేది. లోపల తుపాకుల సప్పుడు, లేకపోతే ఏ సప్పుడూ ఉండేది కాదు. నిజం చెప్తున్నా, ఏ సప్పుడూ లేనప్పుడే నాకు ఎక్కువ భయమయ్యేది. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో పేపర్లో చదివిన తల్లిని నేను. అర్ధరాత్రి లేచి ఆ తలుపు దగ్గర చెవి పెట్టి, లోపల కుర్చీ కదిలిన సప్పుడు వినబడ్డాక వెళ్లి పడుకునేదాన్ని. ఈ సంగతి మా ఆయనకు కూడా చాలా రోజులు చెప్పలేదు.

మా ఆయన ఒక రోజు కోపంతో "దాన్ని అమ్మేస్తే పీడ పోతది" అన్నాడు. నేనూ సరే అన్నాను. వైర్లన్నీ పీకి కంప్యూటర్‌ను మూటగట్టి సజ్జ మీద పెట్టాం. మూడు రోజులయ్యాక చూస్తే తలుపు అలాగే మూసి ఉంది. లోపల కంప్యూటర్ మాత్రం లేదు. అప్పుడర్థమైంది నాకు, తలుపు మూసింది కంప్యూటర్ కాదని. నాలుగో రోజు నేనే దాన్ని సజ్జ మీద నుంచి దింపించాను. మా ఆయనకూ నాకూ ఆ రోజు చిన్న గొడవ కూడా అయింది.

దారి చూపించింది మా చిన్నది. అప్పుడది ఎనిమిదో తరగతి. "అన్నా, నువ్వు ఆడేది నాకెప్పుడూ చూపియ్యవు. టీవీల రాదా?" అని తలుపు బయట నిలబడి అడిగింది. లోపలి నుంచి చాలా రోజులకు ఒక పూర్తి వాక్యం వచ్చింది: "వస్తది. కని వైఫై సాలది, వైరు కావాలె."

ఆ వైరు డబ్బు నేనిచ్చాను, చిట్టీ డబ్బుల్లోంచి. ఇంకో వెయ్యి పెట్టి చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ ఒకటి. అంతకు మించి ఖర్చు కాలేదు.

ఇదెలా పనిచేస్తుందో పిల్లల దగ్గర అడిగి తెలుసుకున్నాను. తెలియని దాని మీద అభిప్రాయం రాయకూడదని మా కాలేజీలో తెలుగు సారు చెప్పేవారు. ఆట నడిచేది వెనక అర్రలోని కంప్యూటర్‌లోనే. అది తయారుచేసిన ప్రతి బొమ్మనూ సినిమాలాగా కుదించి, రౌటర్ మీదుగా టీవీకి పంపిస్తుంది. టీవీలో ఉన్న యాప్ దాన్ని విప్పి చూపిస్తుంది. మనం నొక్కిన బటన్ అదే దారిన వెనక్కి కంప్యూటర్‌కు చేరుతుంది. ఇదంతా ఇంట్లో నుంచి ఇంట్లోకే జరుగుతుంది కాబట్టి ఆడుతున్నంతసేపూ నెట్ డేటా ఖర్చు కాదు.

మరి యూట్యూబ్ హాయిగా వచ్చే వైఫైలో ఆట ఎందుకు ఆగిపోతుంది అని నాకు అనుమానం వచ్చింది. సినిమా అయితే తర్వాత రాబోయే బొమ్మ ముందే ఖాయమై ఉంటుంది. అందుకని టీవీ కొంత ముందుగానే తెచ్చి దాచుకుంటుంది. ఆటలో అలా కుదరదు. తర్వాతి బొమ్మ మన వేలు ఏం చేస్తుందో దాన్ని బట్టి పుడుతుంది. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు సెకనులో వెయ్యో వంతులు పదిహేడు కూడా దక్కవు. ఏ కొంచెం ఆలస్యమైనా దూకమన్నాక దూకడు, గుంతలో పడ్డాక దూకుతాడు. మా ఇంటి రాతి గోడలు వైఫైని మింగేస్తాయి. వేగంగా పోయే 5 గిగాహెర్ట్జ్ అయితే గోడ దాటడంలో మరీ నీరసం. అందుకే హాల్లో ఉన్న రౌటర్ నుంచి అటు కంప్యూటర్‌కూ ఇటు టీవీకీ రెండు వైర్లు లాగాడు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది. అది పెడితే టీవీ తన సొంత మెరుగులు దిద్దడం మానేసి బొమ్మను ఉన్నదున్నట్టు తొందరగా చూపిస్తుంది. మా ఆయన ఆ వైరును బండల అంచు వెంబడి మేకులు కొట్టి బిగించాడు. తండ్రీకొడుకులు కలిసి ఒక పని చేయడం నేను చూసి అప్పటికి అయిదు నెలలైంది.

మా వాడు వాడేది స్టీమ్ లింక్. ఆ కంపెనీ మొదట 2015లో దీనికోసం టీవీ పక్కన పెట్టుకునే చిన్న పెట్టె అమ్మిందట. 2018లో ఆ పెట్టె అమ్మడం ఆపేసి, అదే పనిని ఉచిత యాప్‌గా ఇచ్చింది. సన్‌షైన్, మూన్‌లైట్ అని ఇంకో జంట ఉంది. అవీ ఉచితమే. సన్‌షైన్ కంప్యూటర్‌లో ఉండి పంపిస్తే, మూన్‌లైట్ టీవీలో ఉండి అందుకుంటుంది. సూర్యుడి వెలుగు చంద్రుడి మీద పడినట్టు. పేరు పెట్టినవాళ్లెవరో గాని బాగా పెట్టారు. గూగుల్ కూడా స్టేడియా అని ఒకటి 2019లో తెచ్చింది. అందులో ఆట నడిచేది ఎక్కడో దూరాన వాళ్ల కంప్యూటర్లలో. 2023 జనవరిలో దాన్ని మూసేశారు, ఆడేవాళ్లు చూస్తూ ఉండిపోయారు. మా ఇంటి ఆట మా ఇంట్లోనే పుడుతుంది కనుక దాన్ని ఎక్కడో కూర్చుని ఎవరూ మూసెయ్యలేరు. బొంరాస్‌పేటలో కరెంటు పోతే తప్ప.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటి వారం వాడు కార్ల రేసు ఆడాడు, మేం చూశాం. రెండో వారం చిన్నది కంట్రోలర్ లాక్కుంది. అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒకటి ఆ రోజు తట్టింది. మేం ఆ కంప్యూటర్‌ను "పిల్లల కోసం" కొన్నామని అందరికీ చెప్పుకునేవాళ్లం. కానీ అది మగపిల్లవాడి అర్రలో ఉంది. నాలుగేళ్లలో ఆడపిల్ల దాని ముందు నాలుగు గంటలు కూర్చుందో లేదో. ఎవరూ వద్దనలేదు, నిజమే. తలుపే వద్దంది. హాల్లోకి వచ్చాక దాని వంతు దానికి అడగకుండానే వచ్చింది. ఇప్పుడు అన్నను ఓడిస్తోంది కూడా.

ఆ తర్వాత వచ్చింది వంటల ఆట. పేరు ఓవర్‌కుక్డ్. 2016లో వచ్చింది. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఒకే వంటింట్లో పని చేయాలి. ఒకరు ఉల్లిగడ్డ తరగాలి, ఒకరు పొయ్యి చూడాలి, ఒకరు వడ్డించాలి, ఒకరు గిన్నెలు కడగాలి. పొయ్యి మీద పెట్టి మరిచిపోతే మాడి మంట లేస్తుంది. గిన్నెలు కడగకపోతే వడ్డించడానికి ఏమీ ఉండదు, ఆట ఓడిపోతాం. ఒక సాయంత్రం మా పెద్దోడు చెల్లెలి మీద అరిచాడు: "గిన్నెలెవరు కడుగుతరే? అన్నీ అట్లనే పడి ఉన్నయ్!" ఇరవై ఏళ్లుగా నా నోట్లో ఉన్న మాట అది. వాడి నోట వినేసరికి నాకు నవ్వాగలేదు. వాడికీ అర్థమై తల గోక్కున్నాడు.

దాంతో వాడు మారిపోయి మరునాటి నుంచి అంట్లు తోమాడని రాస్తే మీరూ నమ్మరు, నేనూ నమ్మను. మర్నాడు కంచం ఎక్కడ తిన్నాడో అక్కడే వదిలేశాడు. కానీ అడగడానికి నాకొక మాట దొరికింది. "ఆటలో కడిగినోడివి ఇంట్ల కడగవా?" అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో రూలు ఏమిటంటే, రాత్రి భోజనాల గిన్నెలు తోమి బోర్లించాకే టీవీలో ఆట. ఎవరు ఆడతారో వాళ్లే తోమాలి. మా ఆయన కూడా ఒకసారి ఆడాడు కాబట్టి ఆయనకూ ఆ రూలు తప్పలేదు.

ఇక చెప్పాల్సింది అక్టోబరులో ఒక రాత్రి గురించి. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ సోఫాలో కూర్చున్నాను. వాడొక్కడే ఆడుతున్నాడు. ఇద్దరం టీవీ వైపే చూస్తున్నాం. చూపు అటు నుంచి తిప్పకుండానే వాడన్నాడు, "అమ్మా, మార్చి పరీక్షకు ఫీజు కట్టాలె."

నేను కూడా అటే చూస్తూ "కడదాం" అన్నాను.

కాసేపాగి "మళ్లా ఫెయిలైతే?" అన్నాడు.

"అయితే అప్పుడు సూద్దాం. నువ్వైతే ఉంటవు గదా" అన్నాను. నా గొంతు వణికింది. వాడు విన్నాడు. ఆట ఆపలేదు. కానీ వాడి కారు పోయి గోడకు గుద్దుకుంది.

అయిదు నెలలుగా నేను వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖంలోకి చూస్తూ ఎన్నిసార్లు అడిగానో. "ఏమైందో చెప్పు, అమ్మకు గాక ఎవరికి చెప్తవ్" అని. ఒక్కసారీ చెప్పలేదు. ఆ వయసు మగపిల్లలు ఎదురుగా కూర్చుంటే మాట్లాడరు. పక్కన కూర్చుంటే, చూపులకు వేరే పని ఉంటే మాట్లాడతారు. మా మామయ్య పొలం గట్టు మీద నడుస్తూ మా ఆయనతో మాట్లాడేవాడు, ఇంట్లో కూర్చుని మాట్లాడింది తక్కువ. ఇప్పుడు పొలం గట్టు మీద నడిచే పిల్లలు ఎందరున్నారు? మా ఇంటికి ఆ టీవీయే పొలం గట్టు అయింది.

నా వాదన ఇంతే. మనం తెర మంచిదా చెడ్డదా అని కొట్లాడుతున్నాం. అది ఎక్కడుంది, ఎవరి ఎదురుగా ఉంది అని అడగడం లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఒకటి అద్దెకు తెచ్చినట్టు తెచ్చుకుని, మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరికి ఒకటే టీవీ, ఊరంతా దాని ముందే. 1987లో రామాయణం మొదలైనప్పుడు నాకు ఆరేళ్లు. వాడకు ఒకటే టీవీ. ఆదివారం పొద్దున ఎవరింటి గడపో చూడకుండా పోయి బండల మీద కూర్చునేవాళ్లం. హిందీ అర్థమైనవాళ్లు కానివాళ్లకు చెప్పేవాళ్లు. తర్వాత ఇంటికో టీవీ వచ్చింది, ఆ తర్వాత మనిషికో ఫోన్. తెర చిన్నదవుతున్నకొద్దీ మనం ఒంటరివాళ్లమయ్యాం. ఆ చిన్న తెరను మళ్లీ పెద్దదాని మీదికి తేవడానికి ఒక వైరు చాలినప్పుడు, ఎందుకు తేకూడదు?

ఎదురు మాటలు నాకు తెలుసు. ఒకటి, ఆటకు బానిసలవుతారని. అవుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆటల వ్యసనాన్ని తన జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయితే వాళ్లు చెప్పే గుర్తులు గంటల లెక్క కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం, ఇదంతా మామూలుగా పన్నెండు నెలల పాటు సాగడం. ఈ గుర్తులు మూసిన తలుపు వెనక ఎవరికి కనబడతాయి? హాల్లో అయితే ఇంటిల్లిపాదికీ కనబడతాయి. అలాంటివి కనబడితే మాత్రం వైర్లతో, రూళ్లతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండోది డబ్బు. వదినెకు భయం ఎక్కువగా దీనిదే అనుకుంటా. ఫోన్లో రమ్మీ ఆడి అప్పుల పాలైన ఇళ్లు మనకు తెలియనివి కావు. మన రాష్ట్రం 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం డబ్బు ఆటలను ఒకవైపు, మామూలు ఆటలనూ ఈ-స్పోర్ట్స్‌నూ ఒకవైపు పెట్టింది. చట్టానికి ఉన్న ఆ తేడా మన ఇళ్లలో ఇంకా రాలేదు. పేకాటనూ పచ్చీసునూ ఒకే కట్టెతో కొడుతున్నాం.

మూడోది, హింస. మా వాడి దగ్గర తుపాకుల ఆటలున్నాయి. వాటిలో కొన్ని పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. చిన్నదాని ముందు, నాయనమ్మ ముందు అవి పెట్టడానికి వాడికే మొహం చెల్లలేదు. "హాల్లో ఆడలేనిది అర్రలో మాత్రం ఎందుకు?" అని ఒకసారే అడిగాను, రెండోసారి అడగలేదు. ఇప్పుడు వాడికి పందొమ్మిది. తలుపు వేసుకునే హక్కు వాడికుంది. చదువుకోవడానికో, స్నేహితులతో మాట్లాడుకోవడానికో, ఏడవడానికో. నేనేమీ తలుపులు పీకెయ్యమనడం లేదు. తలుపు బయట కూడా వాడికొక చోటు ఉండాలంటున్నాను.

నాలుగోది మా అత్తమ్మ తరఫు నుంచి. ఏడింటి సీరియల్ ఏమైంది అని మీరు అడగొచ్చు. ఆరు నుంచి ఎనిమిది దాకా టీవీ అత్తమ్మదే. ఎనిమిదిన్నర నుంచి పది దాకా పిల్లలది. పదికి బంద్. మొదట్లో ఆమె గొణిగింది. ఇప్పుడు ఎనిమిదిన్నరకు తనే పిలుస్తుంది. "మేం పచ్చీసు ఆడుతుంటే మా అత్త గిట్లనే తిట్టేది, పని పాట లేని ముండలని. ఆట ఎప్పుడున్నదే, తిట్టుడూ ఎప్పుడున్నదే" అంటుంది.

అందరి ఇళ్లలోనూ ఇలాంటి కంప్యూటర్ ఉండదని నాకు తెలుసు. కానీ ఫోన్లో క్యారమ్స్ ఆడే పిల్లవాడి తెరను కూడా స్మార్ట్ టీవీ మీదికి తేవచ్చు. అంత కూడా లేకపోతే వాడి పక్కన పోయి కూర్చోవచ్చు. దానికి వైరు కూడా అక్కర్లేదు.

వాడు 2025 మార్చిలో పరీక్ష రాసి పాసయ్యాడు. ఇప్పుడు తాండూరులో డిగ్రీ చదువుతున్నాడు. ఆట వల్ల పాసయ్యాడని నేను అనను. లెక్కలు చేసి పాసయ్యాడు. కానీ ఆ అక్టోబరు రాత్రి వాడు ఆ మాట అడగకపోయి ఉంటే ఫీజు కట్టేవాళ్లమా అని ఇప్పటికీ అనుకుంటాను.

వదినె మళ్లీ దసరాకు వస్తానంది. ఈసారి కంట్రోలర్ ఆమె చేతికే ఇస్తాను. ఉల్లిగడ్డ తరగడం ఆమెకు కొత్తేమీ కాదు. ఆట అయ్యాక గిన్నెలు మాత్రం తోమాల్సిందే, చుట్టమైనా సరే.